మరుగుజ్జు ఆఫ్రికా చేపలకు ఇరుగుపొరుగు ఎవరు?

ప్రశ్న: మాది హనుమకొండ. బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాను. మా హాల్లో మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తున్న అక్వేరియం ఏడు నెలలుగా నడుస్తోంది. అందులో ఆరు జీబ్రా డానియోలు, నాలుగు గప్పీలు, రెండు ఏంజెల్ చేపలు, ఒక సక్కర్ చేప ఉన్నాయి. నీళ్లు మున్సిపల్ నల్లావే. మొన్న హైదరాబాదులో ఒక దుకాణంలో క్రిబెన్సిస్ అనే ఆఫ్రికా చేపల జతను చూశాను. ఆడచేప పొట్ట నేరేడు పండు తిన్న నాలుకలా ఉంది. అప్పటినుంచి మనసు అక్కడే ఉంది. "ఇవి సిక్లిడ్ కుటుంబం చేపలు, ఆ కుటుంబం చేపలన్నీ కొట్లాడతాయి, వేరే చేపలతో పెట్టకండి" అని ఒక దుకాణదారు, "చిన్నవే కదా, దేనితోనైనా ఉంటాయి" అని మరొకరు చెప్పారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: అమ్మా, ఇద్దరూ సగం సగమే చెప్పారు. మిగిలిన సగం తెలుసుకోవాలంటే ఆ చేప ఎక్కడిదో, అక్కడ ఎలా బతుకుతుందో చూడాలి. నేను ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పాను. ఇంట్లో తొట్లు పెట్టుకుని కూడా అంతే కాలమైంది. చేపను కొనేముందు దాని ఊరు అడగడం నాకు అలవాటు.

క్రిబెన్సిస్‌ది దక్షిణ నైజీరియా, దానికి ఆనుకుని ఉన్న కామెరూన్ తీరప్రాంతం. వాన నీటితో నిండే వాగులు, ఆకులు రాలి కుళ్లే ఒడ్లు దాని ఇల్లు. మగచేప నాలుగు అంగుళాల దాకా పెరుగుతుంది, ఆడచేప మూడు అంగుళాల దగ్గర ఆగుతుంది. నీటి అడుగున చిన్న గుహను చూసుకుని, ఆ గుహ పైకప్పుకు గుడ్లు అంటిస్తుంది. గుడ్ల దగ్గర తల్లి ఉంటుంది, బయట తండ్రి కాపలా కాస్తాడు. ఈ ఒక్క విషయం అర్థమైతే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. గుహ లేనప్పుడు, గుడ్లు లేనప్పుడు ఈ చేప ఎంతో సాధువు. గుడ్లు పెట్టిన రోజునుంచి అది పిల్లల కోడి. పిల్లల కోడి దగ్గరికి కుక్క వచ్చినా ముక్కు పొడిపించుకుని పోతుంది కదా. అలాగని కోడిని గయ్యాళి అంటామా? దాని ఇంటి ముందునుంచి ఎవరూ నడవకుండా చూసే బాధ్యత మనది.

కాబట్టి తోడు చేపలను ఎంచేటప్పుడు రంగు, ధర కంటే ముందు చూడవలసింది అవి తొట్టిలో ఏ ఎత్తున తిరుగుతాయన్నది. క్రిబెన్సిస్‌కు అడుగు భాగం పూర్తిగా వదిలేయాలి. మిగతా చేపలు నడిమి నీటిలో, పైనీటిలో తిరిగేవై ఉండాలి. చురుకుగా, గుంపుగా ఉండాలి. వాటి తోకలు పొడవుగా వేలాడకూడదు. అవి క్రిబెన్సిస్ నోట్లో పట్టేంత చిన్నవి కాకూడదు, దాన్ని బెదిరించేంత పెద్దవీ కాకూడదు.

ఇప్పుడు మీ తొట్టిలో ఉన్నవాటి సంగతి చూద్దాం. జీబ్రా డానియోలు నిక్షేపంగా ఉంటాయి. అవి మన దేశపు చేపలే, పైన పరుగులు తీస్తూ ఉంటాయి, తరిమితే క్షణంలో తప్పుకుంటాయి. ఆరింటిని ఎనిమిది చేయండి. గప్పీలను మాత్రం వేరే చోటికి మార్చమంటాను. మగ గప్పీ తోక పెళ్లి ఊరేగింపులో పట్టుకొంగులా ఊగుతూ ఉంటుంది, గుడ్ల కాపలాలో ఉన్న చేప దాన్ని ఊరికే వదలదు. వాటి పిల్లలు ఎటూ మిగలవు. గప్పీకి కాస్త కఠినమైన నీరు, అంటే సున్నపు లవణాలు ఎక్కువున్న నీరు ఇష్టం, క్రిబెన్సిస్‌కు మెత్తటి నీరు ఇష్టం. అదీ ఒక కారణమే.

ఏంజెల్ చేపల గురించి రాయడం నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే మీకు అవంటే ప్రేమ ఉండి ఉంటుంది. కానీ అవి కూడా సిక్లిడ్లే, దక్షిణ అమెరికావి. పెద్దయ్యాక రెక్కల చివరినుంచి చివరిదాకా అడుగు ఎత్తుకు దగ్గరగా పెరుగుతాయి. అడుగుంపావు ఎత్తున్న తొట్టిలో ఇసుక, ఖాళీ తీసేస్తే వాటికి మిగిలేది చాలదు. ఆ రెండూ జత కడితే సగం తొట్టి తమదే అంటాయి. అప్పుడు మీ హాల్లో రెండు కుటుంబాలు ఒకే గోడకోసం రోజూ తగాదా పడతాయి. ఏంజెల్ చేపలా, క్రిబెన్సిసా అన్నది మీరే తేల్చుకోవాలి. రెండూ కావాలంటే రెండు తొట్లు కావాలి.

సక్కర్ చేపను తప్పకుండా మార్చాలి. దుకాణంలో వేలెడంత ఉన్నప్పుడు "తొట్టి శుభ్రం చేస్తుంది" అని అమ్ముతారు. అది అడుగుకు మించి పెరుగుతుంది. వంద లీటర్ల తొట్టి దానికి జైలు గది. పైగా రాత్రిపూట అడుగంతా నాకుతూ తిరుగుతుంది. చీకట్లో గుహలోని గుడ్లు దానికి విందు.

అడుగున తిరిగే చేపల విషయంలో నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2003లో నా తొట్టిలో క్రిబెన్సిస్ జతతో ఆరు కోరిడోరాస్ చేపలను పెట్టాను. అవి ఎంత అమాయకమైనవంటే, మీసాలతో ఇసుక తడుముకుంటూ గుంపుగా నడుస్తాయి, ఎవరి జోలికీ పోవు. అందుకే పెట్టాను. కానీ వాటికి మరో చేప రెక్కలు విప్పి బెదిరించడం అర్థం కాదు. పొలుసుల బదులు ఎముక పలకలు కవచంలా ఉంటాయి కాబట్టి పొడిచినా వెంటనే పారిపోవు. క్రిబెన్సిస్ గుడ్లు పెట్టిన మూడోరోజు పొద్దున దీపం వేసి చూస్తే రెండు కోరిడోరాస్‌లకు కళ్లు లేవు. కవచం లేని చోటు కళ్లే. ఆ రెండూ మరో ఏడాది బతికాయి, తిండి వాసన పట్టి వచ్చేవి. వాటిని చూసినప్పుడల్లా నాకు గుండె కలుక్కుమనేది. తప్పు క్రిబెన్సిస్‌ది కాదు, కోరిడోరాస్‌ది అంతకంటే కాదు. ఒకే గదిలో ఇద్దరినీ కాపురం పెట్టించింది నేను.

మరి ఏమి చేర్చుకోవచ్చు? మీ తొట్టికి నా సలహా హార్లిక్విన్ రాస్‌బోరాలు ఎనిమిది. ఇటుక రంగు ఒంటిమీద నల్లటి ముక్కోణపు మచ్చ ఉంటుంది, నడిమి నీటిలో గుంపు కడతాయి, మెత్తటి నీరే వాటికీ ఇష్టం. అవి దొరకకపోతే శ్రీలంక చేప చెర్రీ బార్బ్, అదీ శాంతమైనదే. టైగర్ బార్బ్ మాత్రం వద్దు, దానికి ఇతరుల రెక్కలు కొరికే అలవాటు ఉంది. ఆఫ్రికా చేపలే ఉండాలన్న ముచ్చట ఉంటే కాంగో టెట్రా ఉంది. వెన్నుమీద నీలం, పక్కన బంగారం మెరుస్తాయి. కానీ మగది మూడు అంగుళాలు పెరుగుతుంది, ఆరింటిని పెంచాలంటే కనీసం నాలుగడుగుల తొట్టి కావాలి. మీకు ఇప్పుడు కాదు.

ఒక జత క్రిబెన్సిస్, ఎనిమిది డానియోలు, ఎనిమిది రాస్‌బోరాలు. అంతే. తొట్టి ఖాళీగా ఉందని ఎవరైనా అంటే వినకండి. రెండు జతలు పెడితే ఇంకా బాగుంటుందని అసలే అనుకోకండి. మూడడుగుల్లో ఒక జతకే చోటు. పైన గుంపులు నిశ్చింతగా తిరుగుతూ ఉంటే, ప్రమాదమేమీ లేదని కింది చేపలు ధైర్యంగా బయటికి వస్తాయి. ఒంటరిగా పెట్టిన క్రిబెన్సిస్ రోజంతా రాయి వెనకే దాక్కోవడం నేను చాలా ఇళ్లలో చూశాను.

ఇళ్ల సంగతి. కొబ్బరి చిప్పను బోర్లించి, అంచున ఆడచేప పట్టేంత గుమ్మం కొట్టండి. ముందుగా రెండు మూడుసార్లు మరగబెట్టి రంగు వదిలించండి. అలాంటివి రెండు, ఒక చిన్న మట్టికుండ పక్కకు వాల్చి పెడితే చాలు. అన్నింటినీ తొట్టికి ఒకే వైపు పెట్టండి, రెండోవైపు మిగతావాటికి వదిలేయండి. రాళ్లు కావాలంటే మన దగ్గర గ్రానైటుకు కొదవ లేదు. కరీంనగర్ గ్రానైటు ముక్క నీటిలో ఏళ్లపాటు ఉన్నా కరగదు. షాబాద్ బండ, పాలరాయి ముక్కలు మాత్రం వేయకండి. అవి సున్నపు జాతి రాళ్లు, కొద్దికొద్దిగా కరిగి నీటిని కఠినం చేస్తాయి. అనుమానం ఉంటే రాతిని గీకి నిమ్మరసం పిండండి. సన్నగా నురగ కడితే అది తొట్టిలోకి పనికిరాదు.

నీళ్ల విషయంలో మీరు అదృష్టవంతులు. మన నగరానికి వచ్చే నల్లా నీరు చెరువుల్లో నిలిచిన నీరు, బోరు నీటికంటే చాలా మెత్తన. క్లోరిన్ ఒక్కటే చిక్కు. బకెట్‌లో పట్టి, గాలి మోటారు పెట్టి ఒక పగలూ రాత్రీ ఉంచితే అదీ పోతుంది. వారానికి పావు వంతు నీరు మార్చండి. ఎండి రాలిన బాదం ఆకులు, మన బడుల ఆవరణల్లో, కాలనీ వీధుల్లో రాలేవే, నాలుగు కడిగి వేయండి. నీరు పలుచటి టీ రంగుకు తిరుగుతుంది. దుకాణాల్లో అవే ఆకులను కట్టలు కట్టి అమ్ముతున్నారు. మీరు కొనవలసిన పని లేదు.

చివరిగా వరస. ముందు రాస్‌బోరాలు, అవి కుదురుకున్నాక రెండు మూడు వారాలకు క్రిబెన్సిస్ జత. ముందే వచ్చి ఇల్లు పట్టుకున్న క్రిబెన్సిస్ తర్వాత వచ్చినవాళ్లను చుట్టాలుగా చూడదు.

ప్రశ్న: గోదావరిఖనిలో సింగరేణి ఉద్యోగిని. రెండున్నర అడుగుల తొట్టిలో పన్నెండు చేపలు ఉన్నాయి: పసుపు, నీలం, తెలుపు, వాటితో పాటు రెండు క్రిబెన్సిస్. "అన్నీ ఆఫ్రికన్ సిక్లిడ్లే, కలిసి ఉంటాయి" అని చెప్పి ఇచ్చారు. నెల తిరగకుండానే క్రిబెన్సిస్ రెండూ ఫిల్టరు వెనక దాక్కున్నాయి. తోకలు చీలికలైపోయాయి. మందు ఏదైనా చెప్పండి.

జవాబు: అన్నా, మందు తర్వాత. ఈ ఉత్తరం పక్కన పెట్టి ఆ రెండింటినీ ఈరోజే బయటికి తీయండి. ఇంట్లో యాభై లీటర్ల ప్లాస్టిక్ టబ్బు ఉంటే చాలు. అదే తొట్టి నీరు సగం, క్లోరిన్ పోయిన కొత్త నీరు సగం పోసి, ఒక స్పాంజి ఫిల్టరు, బోర్లించిన మట్టి కుండీ పెట్టండి. రెండురోజులకొకసారి కొంత నీరు మారుస్తూ ఉంటే చీలిన తోక తనంతట తాను పెరుగుతుంది. పుండు మీద దూదిలాంటి తెల్లటి బూజు కనిపిస్తే తప్ప మందు జోలికి పోకండి. చేపకు మొదటి మందు శుభ్రమైన నీరు, రెండోది భయం లేకపోవడం.

ఇక "అన్నీ ఆఫ్రికావే" అన్న మాట. ఆఫ్రికా ఒక ఊరు కాదు కదా. మీ పసుపు, నీలం చేపలు మలావీ సరస్సువి. ఆ సరస్సుకూ క్రిబెన్సిస్ పుట్టిన నైజీరియా వాగులకూ మధ్య దూరం, వరంగల్‌కూ కాశ్మీరుకూ మధ్య ఉన్న దూరం కంటే ఎక్కువ. నీళ్లు కూడా ఒకటి కావు. మలావీ నీరు క్షారగుణం కలది, దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) ఎనిమిదికి అటూఇటూ ఉంటుంది. అక్కడి రాళ్లమీద నాచు గీక్కుని తింటూ, ప్రతి రాతికోసం పోరాడుతూ బతికే చేపలివి. వాటికి రోజంతా తరుముకోవడం మామూలు. తరిమించుకున్నది మరో రాతి సందులోకి దూరి, నిమిషంలో తిరిగి వచ్చి తనూ తరుముతుంది. క్రిబెన్సిస్‌కు ఆ బతుకు తెలియదు. గుడ్లున్నప్పుడు ఇంటిముందు కాస్త గదమాయిస్తుంది, అంతే. మీ తొట్టిలో దానికి ఇల్లే దక్కలేదు.

తిండి దగ్గర కూడా పొత్తు కుదరదు. క్రిబెన్సిస్ పురుగూ తింటుంది, ఆకూ తింటుంది. మలావీ నాచు చేపలకు ఎర్ర పురుగులు ఎక్కువగా వేస్తే పొట్టలు ఉబ్బి చచ్చిపోతాయి. వాటికి స్పిరులినా అనే నాచు కలిసిన మేత, ఉడికించి తొక్క తీసిన బఠాణీ, పాలకూర ముక్క పెట్టండి.

ఆ పది చేపలకు కూడా రెండున్నర అడుగులు చాలవు. నాలుగడుగుల తొట్టి, నిండా రాళ్లు, కఠినమైన బోరు నీళ్లు ఇచ్చి చూడండి. మీరే ఆశ్చర్యపోయేంత నిగారింపు వస్తుంది. వాటిలో పసుపుది, ఎల్లో ల్యాబ్ అంటారు, చాలా మంచి స్వభావం. నీలిది పెద్దయ్యాక మొండికేస్తుంది. తొట్టి మార్చలేకపోతే నీలివి ముందు ఎవరికైనా ఇచ్చేయండి.

మీ ఊరి ఎండ నాకు తెలుసు కాబట్టి ఇంకొక మాట. మే నెలలో నీరు ముప్పై రెండు డిగ్రీలు దాటితే అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. మూత తీసి, వల కట్టి, నీటిమీదుగా చిన్న ఫ్యాను తిప్పండి. రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కరెంటు పోయినా నడిచే బ్యాటరీ గాలి మోటారు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

ప్రశ్న: సార్, నేను పరకాలలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. నాన్న రెండడుగుల తొట్టి కొనిచ్చారు. మాకు బోరు నీళ్లే ఉన్నాయి. ఆ నీళ్లలో పప్పు కూడా ఉడకదని అమ్మ అంటుంది. ఆఫ్రికా చిన్న చేపలు పెంచాలని ఉంది. కుదరదా?

జవాబు: ఎందుకు కుదరదు బాబూ! ఈ నెల నాకు అన్నింటికంటే సంతోషం కలిగించిన ఉత్తరం నీదే. నీళ్లు ఎలాంటివో చెప్పి మరీ అడిగావు. చాలామంది పెద్దవాళ్లు చేప కొన్నాక నీళ్ల గురించి అడుగుతారు.

పప్పు ఉడకని నీరు, సబ్బు నురగ రాని నీరు, గిన్నెల అడుగున తెల్లటి గార కట్టే నీరు కఠినజలం. నీ పాఠ్యపుస్తకంలో కూడా ఉంటుంది చూడు. క్రిబెన్సిస్‌కు అది నచ్చదు. కానీ ఆఫ్రికాలోనే టాంగన్యికా అనే సరస్సు ఉంది. దాదాపు కిలోమీటరున్నర లోతు. ఆ నీరు మీ బోరు నీటిలాగే కఠినం, క్షారం. ఆ సరస్సు అడుగున ఖాళీ నత్తగుల్లలు గుట్టలుగా పడి ఉంటాయి. వాటిని ఇళ్లుగా చేసుకుని బతికే చేప ఒకటుంది, మల్టీఫాసియేటస్ అంటారు. ప్రపంచంలోని అతి చిన్న సిక్లిడ్లలో ఒకటి. మగది రెండు అంగుళాలకు కూడా చేరదు. ఒంటినిండా సన్నటి నిలువు చారలు. ఒక్కో చేపకు ఒక్కో గుల్ల. నోటితో ఇసుక తోడి, తన గుల్లను నచ్చిన చోట పాతుకుంటుంది. నీ చెయ్యి నీటిలో పెడితే, అంగుళమున్నర చేప వచ్చి నీ వేలును పొడుస్తుంది. దాని ధైర్యం చూస్తే నీకు ముద్దొస్తుంది.

వీటికి కావలసిన నత్తగుల్లలు మీ ఊరి పొలాల గట్లమీదే దొరుకుతాయి. నాట్లప్పుడు కనిపించే నత్తలు లేవూ, అవి చచ్చాక మిగిలిన ఖాళీ గుల్లలు ఏరుకో. బతికున్న నత్తలను ముట్టుకోకు. అంచులు పగలనివి, మూడునాలుగు వేళ్ల వెడల్పున్నవి, పదీ పన్నెండు చాలు. అమ్మ దగ్గర ఉండగా ఇరవై నిమిషాలు మరగబెట్టి, వాసన పోయేదాకా రెండురోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టు. గుల్ల కూడా సున్నమే, నీటికి మేలే చేస్తుంది. వాగు ఇసుకను నీరు తేటగా వచ్చేదాకా కడిగి మూడు అంగుళాల మందాన పరువు.

ఇప్పుడు ఓపిక కావాలి. కొత్త తొట్టిలో వెంటనే చేపలు వేయకు. చేప విసర్జించే అమ్మోనియా విషం. దాన్ని నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో పెరగాలి. దానికి నాలుగునుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా రోజూ చిటికెడు మేత ఖాళీ నీటిలోనే వేస్తూ ఉండు. ఎవరి దగ్గరైనా పాత తొట్టి ఉంటే వాళ్ల ఫిల్టరు స్పాంజి ముక్క అడిగి తెచ్చుకో, పని త్వరగా అవుతుంది. మీ బడి ప్రయోగశాలలో పీహెచ్ కాగితం ఉంటే సైన్సు టీచరుగారిని అడిగి నీటిని పరీక్షించు. ఎనిమిది దగ్గర వస్తే ఈ చేపకు పండుగే.

ఆరు చేపలు తెచ్చుకో. పక్క దుకాణంలో ఉండవు, ముందుగా చెప్పి తెప్పించుకోవాలి. దొరికేదాకా ఆగు. వాటితో ఇంకేమి పెట్టవచ్చని అడుగుతావేమో, రెండడుగుల్లో ఇంకేమీ పెట్టకు. ఏడాది గడిచేలోగా గుల్లల్లోంచి బియ్యపు గింజంత పిల్లలు బయటికి తొంగిచూస్తాయి. పెద్దవి వాటిని తినవు. తాతలు, తల్లులు, మనవలు ఒకే వాడలో ఉంటారు. ఆ పిల్లలను చూసినరోజు నాకు మళ్లీ ఉత్తరం రాయి.

ప్రశ్న: ములుగునుంచి రాస్తున్నాను. రామప్ప చెరువు దగ్గర మా బంధువులు చిన్న కొర్రమీను పిల్లలు ఇస్తామన్నారు. క్రిబెన్సిస్ తొట్టిలో వేయవచ్చా?

జవాబు: వద్దండీ. కొర్రమీను మన రాష్ట్ర చేప, నాకూ గౌరవమే. కానీ అది వేటాడే చేప. వేలెడంత ఉన్నప్పుడే తనలో సగమున్న చేపను మింగుతుంది, గాలి పీల్చగలదు కాబట్టి మూత సందులోంచి దూకి నేలమీద కూడా చాలాసేపు బతుకుతుంది. చెరువునుంచి ఏ చిన్న చేప తెచ్చినా దానితోపాటు పరాన్నజీవులు వస్తాయి. మూడు వారాలు విడిగా ఉంచకుండా తొట్టిలో వేయకండి.

ప్రశ్న: మంచిర్యాలనుంచి ఒక గృహిణిని. నా క్రిబెన్సిస్ గుడ్లు పెట్టి పిల్లలు చేశాయి. యాభై అరవై ఉంటాయి. తల్లిదండ్రులు మిగతా చేపలన్నింటినీ పైమూలకు తరిమేశాయి. ఒక విడో టెట్రా చనిపోయింది. మా వారు పెద్దవాటిని గోదావరిలో వదిలేద్దామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ మనసు ఒప్పకపోవడమే సరైనది. ముందు ఆ మాట పూర్తి చేస్తాను. తొట్టి చేపను నదిలోగానీ చెరువులోగానీ ఎన్నడూ వదలకూడదు. ఈ సిక్లిడ్ కుటుంబానికే చెందిన ఆఫ్రికా చేప తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. పిల్లల్ని నోట్లో దాచుకుని కాపాడే చేప, ఎక్కడ వేసినా నిలదొక్కుకుంటుంది. ఈరోజు మన చెరువుల్లో వల వేస్తే అదే పడుతుంది, దాని పక్కన మన చిన్నచేపలకు తిండీ చోటూ తగ్గాయి. తొట్లనుంచి వదిలేసిన సక్కర్ చేపలు తెలుగు రాష్ట్రాల చెరువుల్లో, చేపల గుంటల్లో వలలు చింపుతున్నాయి, జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. మీ వారికి కోపం తెప్పించకుండా ఈ సంగతి చదివి వినిపించండి. ఆయన ఉద్దేశం చేపకు స్వేచ్ఛ ఇవ్వాలనే అయి ఉంటుంది.

మీ క్రిబెన్సిస్‌లు చెడిపోలేదు. మంచి తల్లిదండ్రులుగా ఉన్నాయి. తండ్రి హద్దు కాస్తూ ఉంటే తల్లి పిల్లలను గుంపుగా నడిపిస్తుంది. ఒక్కసారి ఒళ్లు కుదుపుతుంది, పిల్లలన్నీ ఒక్కసారిగా ఇసుకమీద కదలకుండా పడుకుంటాయి. సాయంత్రం దీపం ఆర్పేవేళ నోట్లోకి తీసుకుని గుహలోకి చేరుస్తుంది. నాకు ఇన్నేళ్లొచ్చినా ఆ దృశ్యం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాను.

ఇప్పుడు మార్చవలసింది మిగతా చేపలను. వేరే తొట్టి ఉంటే వాటిని అందులోకి పంపండి. లేకపోతే దుకాణంలో ప్లాస్టిక్ జాలీ దొరుకుతుంది, దాన్ని అద్దాలకు బిగుతుగా ఉండేలా కోసి, తొట్టిని మూడింట ఒకవంతు, రెండువంతులుగా విడదీయండి. చిన్నభాగం క్రిబెన్సిస్‌ది. పిల్లలు జాలీ రంధ్రాల్లోంచి అటు వెళ్లి కొన్ని పోతాయి. బాధపడకండి, అరవైకి అరవై ఏ వాగులోనూ బతకవు.

పిల్లలకు రోజుకు మూడుసార్లు అప్పుడే పొదిగిన ఆర్టీమియా (రొయ్యల్లాంటి అతి చిన్న ఉప్పునీటి జీవులు) వేయండి. ఉప్పునీటిలో గుడ్లు వేసి గాలి పెడితే ఒకటిన్నర రోజులో పొదుగుతాయి. కుదరనినాడు ఉడికించిన గుడ్డు పచ్చసొన గోరంతకంటే తక్కువ నీటిలో కలిపి చుక్కలుగా వేయవచ్చు. ఎక్కువైతే నీరు పాడవుతుంది, జాగ్రత్త. ఫిల్టరు మూతికి పాత మేజోడు ముక్క కట్టండి, లేకపోతే పిల్లలు లోపలికి లాగబడతాయి. నాలుగైదు వారాలకు తల్లిదండ్రులు మళ్లీ గుడ్ల ఆలోచనలో పడతాయి. అప్పుడే ఈ పిల్లలను విడిగా తీయండి, అంతకుముందు కాదు. తొందరపడి తీసేస్తే మగది ఆడదాన్ని తరమడం నేను రెండుసార్లు చూశాను.

మళ్లీ మళ్లీ పిల్లలు వద్దనుకుంటే గుహలన్నీ తీసేసి, మొక్కలు మాత్రం ఉంచండి. గుహ లేకపోతే చాలావరకు ఆగుతాయి.

పిల్లలు అంగుళం దాటాక ఎవరికైనా ఇచ్చేటప్పుడు జతలుగా విడదీయకండి. ఆరేసి చొప్పున ఇవ్వండి. వాటిలో నచ్చిన రెండు వాటంతట అవే జత కడతాయి, ఆ జత ఏళ్లపాటు నిలుస్తుంది. మనం కలిపిన జత చాలాసార్లు నిలవదు. ఇంకొక పని కూడా చేయండి. ఈ చేపలో పిల్లలు మగవవుతాయా ఆడవవుతాయా అన్నది మొదటి వారాల్లో నీటి పీహెచ్ మీద కొంత ఆధారపడుతుంది. ఆమ్లగుణం ఎక్కువైతే మగవి ఎక్కువ, క్షారం వైపు జరిగితే ఆడవి ఎక్కువ. ఇప్పటినుంచి నెలరోజులు వారానికొకసారి నీటి పీహెచ్ చూసి క్యాలెండరు మీద రాసి ఉంచండి. మూడు నాలుగు నెలలకు ఆడపిల్లల పొట్టలకు రంగు వస్తుంది, అప్పుడు లెక్కపెట్టవచ్చు. ఎన్ని మగవో, ఎన్ని ఆడవో, నీటి లెక్కతో సహా నాకు రాయండి. మీ గోదావరి నీటి ఫలితాన్ని, నా దగ్గరున్న వడ్డేపల్లి చెరువు నీటి ఫలితం పక్కన పెట్టి చూడాలని ఉంది.